పుస్తకము చూపు దారి
(గ్రంథాలయ రజతోత్సవ ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చు పఠితను తఱచు వేధించు ప్రశ్న యొకటి కలదు: తరువాత ఏమి చదువవలెను? బీరువా నిండ గ్రంథములున్నను చేయి తెలిసిన పేరు మీదికే పోవును. తెలియని గ్రంథములు దుమ్ము పట్టి, వ్రాసినవారి శ్రమయు, కొన్నవారి ధనమును వ్యర్థమగును.

నిజాము పాలనలో ఈ ప్రాంతమున తెలుగు పుస్తకము దొరకుటయే దుర్లభముగా నుండెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రలను, శాస్త్రములను, నవలలను ఒకే మాలగా ప్రచురించెను. నవలకై వచ్చినవాడు శాస్త్రమును రుచి చూచుటకు అది త్రోవ యయ్యెను.

వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకముల గంప నెత్తిన బెట్టుకొని తిరిగి అమ్మిరి. పాఠకుడు పుస్తకము కడకు రాలేనప్పుడు పుస్తకమే అతని వాకిటికి పోయెను.

ఒక పుస్తకము మరియొక దానికి దారి చూపుననుటకు ఆయన పేరే సాక్ష్యము. 1948లో నిజామాబాదు కారాగారమున ఆయనతో బందీగా నున్న దాశరథి, తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చెను. ఆ అంకితమును చూచిన పఠిత, ఈ ఆళ్వారుస్వామి యెవరని విచారించినచో ‘ప్రజల మనిషి’ నవల చేతికి వచ్చును. ఆ నవలలోని తెలంగాణ పల్లె బ్రదుకును చూచి, పూర్వకాలపు తెలుగువారు ఎట్లు బ్రదికిరను ప్రశ్న పుట్టినచో సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ కలదు. 1955లో తెలుగున తొలి సాహిత్య అకాడమీ పురస్కారము పొందినది ఆ గ్రంథమే. అందు ప్రాచీన కావ్యములే ఆధారములుగా కనబడును గనుక, చరిత్ర చదివినవాడు మరల కావ్యమును చేరును.

కమ్మర్‌పల్లి పసుపు పండు సీమ. పసుపు పరిశోధనా స్థానము కూడ ఇచటనే కలదు. దుంపకుళ్ళు నివారణకై వ్యవసాయ గ్రంథము తెరచిన రైతు, నేలను గూర్చియు, కంటికి కానరాని శిలీంధ్రములను గూర్చియు తెలిసికొనగోరును. సుగంధ ద్రవ్యములకై సముద్రములు దాటి వచ్చిన నావికుల కథలును అతనికి రుచించును. అవసరమునకై చదివినవాడే ఆనందమునకై చదువుటకు అలవాటుపడును.

కావున గ్రంథకర్త పీఠికను, అంకితమును, చివరనున్న గ్రంథముల పట్టికను వదలక చూడుడు. నాలుగు నవలలు చదివినచో ఒక చరిత్రనో శాస్త్రమునో ముట్టుడు. శాస్త్రమే చదువువారు ఒక కథల సంపుటమును తీసికొనుడు. పది పుటలు చదివియు రుచింపనిచో తిరిగి యిచ్చుట తప్పు కాదు. పుస్తకమును తిరిగి యిచ్చునపుడు మాత్రము, అది యెట్లున్నదో ప్రక్కవానితో రెండు మాటలు చెప్పుడు. ఆనాడు ఆళ్వారుస్వామిగారు గంప మోసిరి. నేటి పఠిత మోయవలసినది ఆ రెండు మాటలే.

స్వస్తి.