అమెరికా ఓటు, ఐరోపా భద్రత, మన రొయ్యల చెరువు

(అమలాపురంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా అధ్యక్ష ఎన్నికకూ ఐరోపా భద్రతకూ గల సంబంధం గురించి మాట్లాడతానన్నప్పుడు కొందరు నవ్వారు. ఖబ్రస్తాన్ హద్దులు తేలలేదు, పిల్లల ఉపకార వేతనాలు రాలేదు, మధ్యలో ఈ ఊసెందుకని. ఆ ప్రశ్న న్యాయమైనదే.

1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు ఉత్తర అట్లాంటిక్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. అదే నాటో కూటమి. నేడు దాని సభ్య దేశాలు 32. టర్కీ 1952 నుంచి, అల్బేనియా 2009 నుంచి అందులో ఉన్నాయి. ఒక సభ్య దేశంపై దాడి జరిగితే అందరిపై జరిగినట్లే భావించాలని ఆ ఒప్పందంలోని 5వ అధికరణం చెబుతున్నది. కాగితం మీద అది అన్ని దేశాల వాగ్దానం. ఆచరణలో మాత్రం అమెరికా అధ్యక్షుని ఇచ్ఛపై ఆధారపడిన వాగ్దానం. ఆ అధ్యక్షుణ్ణి నాలుగేళ్ళకొకసారి అమెరికా ఓటరు మార్చగలడు. పోలండ్ వాసికి గాని, ఉక్రెయిన్ వాసికి గాని అక్కడ ఓటు లేదు.

2025 జనవరి 20న ట్రంప్ రెండవసారి పదవి చేపట్టారు. మార్చి తొలి వారంలోనే ఉక్రెయిన్‌కు ఆయుధ సహాయాన్ని, నిఘా సమాచారాన్ని నిలిపివేశారు. సుమారు వారం రోజులకు, ఆ దేశం కాల్పుల విరమణకు అంగీకరించిన పిమ్మట, పునరుద్ధరించారు. జూన్‌లో హేగ్ నగరంలో సమావేశమైన నాటో దేశాలు 2035 నాటికి తమ జాతీయోత్పత్తిలో 5 శాతం రక్షణకు, తత్సంబంధ అవసరాలకు వెచ్చించాలని తీర్మానించుకున్నాయి. ఆ సొమ్ము అక్కడి బడుల నుంచీ, ఆసుపత్రుల నుంచీ తప్ప వేరెక్కడి నుంచి వస్తుంది?

ఐరోపా భద్రత అంటే తెల్లవారి వ్యవహారం అనుకునే మిత్రులకు బోస్నియాను గుర్తు చేయాలి. అక్కడి ముస్లింలు శతాబ్దాలుగా ఆ నేల మీదే ఉన్న ఐరోపా వాసులు. 1991 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి యుగోస్లావియా అంతటికీ ఆయుధాల సరఫరాను నిషేధించింది. వినడానికి నిష్పాక్షికమే. అయితే సెర్బు బలగాల చేతిలో పాత సైన్యపు ఫిరంగులు అప్పటికే ఉన్నాయి. బోస్నియా ప్రభుత్వం చేతిలో చెప్పుకోదగినవి లేవు. ఉభయులకూ సమానంగా వర్తించే నియమం బలహీనుణ్ణే ఎలా కొడుతుందో మైనారిటీలుగా మనకు ఎవరూ వివరించనక్కరలేదు.

1992 ఎన్నికల ప్రచారంలో క్లింటన్ బోస్నియా విషయమై నాటి ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శించారు. గెలిచిన తరువాత రెండున్నరేళ్ళు తటపటాయించారు. 1995 జూలైలో, ఐక్యరాజ్యసమితి సురక్షిత ప్రాంతంగా ప్రకటించిన స్రెబ్రెనీత్సాలో 8,000 మందికి పైగా ముస్లిం పురుషులను, బాలురను చంపివేశారు. ఆ నెల 26న అమెరికా సెనేట్ 69–29 ఓట్లతో ఆయుధ నిషేధాన్ని తమ దేశం వరకు ఎత్తివేయాలని నిర్ణయించింది. దానిని నడిపించిన బాబ్ డోల్, మరుసటి ఏడాది క్లింటన్‌పై పోటీ చేసిన వ్యక్తే. క్లింటన్ ఆ బిల్లును తిరస్కరించారు. కాని ఏదో ఒకటి చేయకుండా ఎన్నికలకు వెళ్ళే స్థితి ఆయనకు లేకపోయింది. ఆగస్టు 28న సరయేవో అంగడిపై గుండు పడి 43 మంది మరణించారు. 30వ తేదీ నుంచి నాటో విమానాలు సెర్బు స్థావరాలపై దాడులు సాగించాయి. నవంబరులో డేటన్‌లో ఒప్పందం కుదిరింది. క్రొయేషియా సైన్యం ముందుకు రావడం వంటి ఇతర కారణాలు లేకపోలేదు. అయినా నా అభిప్రాయం ఇది: మూడేళ్ళ ఆర్తనాదాలు చేయలేని పనిని సమీపిస్తున్న ఎన్నిక చేయించింది.

క్రిమియా తాతారులదీ అదే ప్రశ్న. 1944 మేలో స్టాలిన్ ప్రభుత్వం ఆ ముస్లిం జాతినంతటినీ రైళ్ళకెక్కించి మధ్య ఆసియాకు తరిమివేసింది. నాలుగు దశాబ్దాల తరువాత గాని వారు పెద్ద సంఖ్యలో తిరిగి రాలేకపోయారు. 2014లో రష్యా క్రిమియాను కలుపుకున్నది. 2016లో వారి ప్రాతినిధ్య సభ మెజ్లిస్‌ను నిషేధించింది. ఉక్రెయిన్ శాంతి పటం ఎవరు గీసినా, వారి ఇళ్ళు ఆ గీత ఏ వైపున ఉంటాయన్నదే వారికి ముఖ్యం.

ఇక కోనసీమకు వస్తాను.

ఉత్తర్వు చేతికి రాగానే ముందు 'విషయం', 'సూచిక' చదవడం గుమాస్తా అలవాటు. 2025 ఆగస్టు 6న అమెరికా అధ్యక్షుడు జారీ చేసిన ఉత్తర్వు శీర్షికలో భారతదేశం పేరు లేదు. రష్యా ప్రభుత్వం వలన అమెరికాకు కలిగే ముప్పు గురించి ఉన్నది. లోపల మాత్రం, రష్యా చమురు కొంటున్నందుకు మన సరుకులపై అదనంగా 25 శాతం సుంకం విధించారు. అంతకు ముందున్న 25తో కలిపి ఆగస్టు 27 నుంచి 50 శాతం అయింది. రొయ్యలపై అదివరకే ఉన్న ఇతర సుంకాలు కూడా చేరి ఆ ఏడాది 58 శాతం దాటింది. మన దేశపు రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. ఎగుమతిలో అగ్రస్థానం మన రాష్ట్రానిది. ఉక్రెయిన్‌లో యుద్ధం, వాషింగ్టన్‌లో సంతకం, కాట్రేనికోన చెరువు గట్టున కౌంటు ధర.

చమురు శుద్ధి చేసే కంపెనీకి చౌక ముడిచమురు వలన లాభం వచ్చింది. శిక్ష మాత్రం వనామీ పెంచినవాడికి పడింది. ఐరోపా తానే రష్యా నుంచి గ్యాసు కొనడం పూర్తిగా మానలేదు. ఈ అన్యాయాన్ని ఎంత చెప్పినా తక్కువే.

అందులోనూ అందరి నష్టం ఒకటి కాదు. సొంత చెరువు గల రైతు ఒక పంట విరామం ఇచ్చి నిలబడగలడు. నోటి మాట మీద లీజుకు తీసుకున్నవాడు లీజు కట్టాలి, మేత బాకీ తీర్చాలి. ఏ కాగితంలోనూ అతని పేరుండదు. ప్లాంట్లలో తలలు తీసి, పెంకు ఒలిచి కిలో లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్ళకు లోడు రాని రోజు కూలే లేదు. వీరిలో దళితులున్నారు, మత్స్యకారులున్నారు, మన ఇళ్ళ స్త్రీలూ ఉన్నారు. ప్రభుత్వం ఏదైనా సహాయం ప్రకటిస్తే అది చెరువు రిజిస్ట్రేషన్ ఉన్నవారి ఖాతాకు చేరుతుంది. వీరికి చేరదు.

కనుక వచ్చే సమావేశానికి మసీదు కమిటీల వారు తమ ఊళ్ళలో రొయ్యల పనిమీద బ్రతికేవారి జాబితా తీసుకురావాలని కోరుతున్నాను. మన వాళ్ళవి మాత్రమే కాదు, పక్క పేట వాళ్ళవి కూడా. పేరు, ఊరు, చేసే పని, ఎన్ని రోజులు పని పోయింది. కౌలుదారులైతే ఎన్ని ఎకరాలు, ఎవరి చెరువు. కలెక్టరుగారికి ఇవ్వవలసిన అర్జీ నేను వ్రాసి పెడతాను.