స్పంజిక నేర్పిన పాఠము
(పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



మనలో పెక్కుమంది చిన్ననాడు పలక తుడుచుకొనుటకు తడి స్పంజిముక్కను బడికి తీసికొనిపోయినవారమే. నేడు అంగళ్ళలో దొరకునవి చాలవరకు కర్మాగారములలో తయారైనవి. కాని అసలు స్పంజి సముద్రజంతువొకదాని అస్థిపంజరము. ఆ జంతువునకు కన్నులు లేవు, కాళ్ళు లేవు, నరములు లేవు. ఒకచోట అంటుకొని, ఒడలినిండ గల రంధ్రములగుండ నీటిని పీల్చి, అందలి సూక్ష్మకణములను ఆహారముగా గ్రహించును. పారిపోలేని ప్రాణికి శత్రువులనుండి రక్షణ యెట్లు? పెక్కు స్పంజికలకు రసాయనములే కవచము. వానిలో కొన్నింటిని స్పంజిక దేహములో కాపురముండు సూక్ష్మజీవులే తయారుచేయును.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున వెర్నర్ బెర్గ్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు సముద్రజంతువుల క్రొవ్వుపదార్థములను పరిశోధించుచుండెను. ఆయన మందును వెదకుచు బయలుదేరినవాడు కాడు. ఫ్లారిడా తీరమున సేకరించిన ఒక స్పంజికనుండి అనుకొనని స్ఫటికములు కొన్ని లభించినవి. వానిని పారవేయక, రాబర్ట్ ఫీనీతో కూడి పరిశీలించి, 1950, 1951 సంవత్సరములలో ఆ వివరములను ప్రకటించెను.

ఆ పదార్థముల విశేషమేమి? మన జీవకణములలో వంశలక్షణములను వ్రాసియుంచు డి.ఎన్.ఏ.లోని ప్రతి అక్షరమునకును ఒక చక్కెర తోడుగా నుండును. స్పంజిక పదార్థములలో ఆ చక్కెరకు బదులు అరాబినోజ్ అను వేరొక చక్కెర గలదు. చూపునకు రెండును ఇంచుమించు ఒక్కటే. పసివాడు పలకపై ‘ప’ వ్రాయబోయి ‘వ’ వ్రాసినంతటి భేదము!

ఈ స్వల్పభేదమే వైద్యులకు ఆయుధమైనది. ఆ చక్కెరతోనే కూర్చిన సైటరబిన్ అను పదార్థమును 1959లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు ప్రయోగశాలలో నిర్మించిరి. విచ్చలవిడిగా పెరుగు రక్తపు కాన్సరు కణము డి.ఎన్.ఏ.కు నకలు వ్రాసికొనునపుడు, ఈ దొంగ అక్షరమును నిజమని నమ్మి చేర్చుకొనును. అంతట వ్రాత ఆగిపోవును, కణము నశించును. ఆరోగ్యముగల కణములకును కొంత హాని కలుగును గనుక వైద్యులు దీనిని మిక్కిలి జాగ్రత్తతో వాడుదురు. 1969లో అమెరికా ప్రభుత్వము ఆమోదించిన ఈ మందు నేటికిని రక్తపు కాన్సరు చికిత్సలో ప్రధానమైన వానిలో నొకటి. దానివలన బ్రదికినవారిలో పసిబిడ్డలును గలరు.

అట్లని సముద్రమును గాలించి స్పంజికలన్నింటిని పెరికివేయ నక్కరలేదు. జపాను శాస్త్రజ్ఞులు 1986లో వెల్లడించిన హాలికాండ్రిన్ అను పదార్థమును చూడుడు. న్యూజీలాండు తీరమున ఒక టన్ను స్పంజికలను సేకరించిన, సుమారు 300 మిల్లీగ్రాములు మాత్రమే లభించినది! కావున దాని నిర్మాణమును అనుసరించి ప్రయోగశాలలో ఎరిబులిన్ అను మందును తయారుచేసిరి. అది 2010లో రొమ్ము కాన్సరు చికిత్సకు ఆమోదము పొందెను.

తల్లిదండ్రులారా! బెర్గ్‌మన్ స్ఫటికములకును రోగికందిన మందునకును నడుమ దాదాపు ఇరువది యేండ్లు గడచినవి. మొదటి దినముననే “దీనివలన లాభమేమి?” అని యెవరైన అడిగియున్న, ఆయన చెప్పగల సమాధానము లేదు. మీ బిడ్డ ఒక గవ్వనో, ఎండుటాకునో ఇంటికి తెచ్చి “ఇదేమి?” అని అడిగినపుడు, “ఇది పరీక్షలో వచ్చునా?” అని ఎదురుప్రశ్న వేయకుడు. మీకు తెలిసినది ఇంటిభాషలో చెప్పుడు. తెలియనిదైన, రేపు ఉపాధ్యాయుని అడుగుమని బడికి పంపుడు. మేము కాచుకొనియుందుము.