గర్భసంచిలో గడ్డలు, నెలసరి బాధలు

నెలసరిలో గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా? గడ్డలు గడ్డలుగా రక్తం పోతోందా? ఏడు రోజులు దాటినా ఆగడం లేదా? అమ్మలారా, "ఆడపుట్టుకకు ఇది మామూలే" అని ఊరుకోకండి. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు ఉన్నాయేమో చూపించుకోండి.

ఇవి గర్భసంచి కండరంలో పెరిగే కణుతులు. కణితి అనగానే క్యాన్సరేమోనని గుండె గుభేలుమంటుంది. కానీ ఇవి క్యాన్సర్ కావడం చాలా అరుదు. ఎందరికో ఇవి ఉన్నట్టే తెలియదు. కణితి ఎంత పెద్దదన్న దానికంటే ఎక్కడుందన్నదే ముఖ్యం. గర్భసంచి లోపలి పొరవైపు పొడుచుకొచ్చింది ఉసిరికాయంతే ఉన్నా విపరీతంగా రక్తస్రావం కావచ్చు. బయటివైపు పెరిగింది పెద్దదైనా నెలసరి జోలికి రాకపోవచ్చు. అయితే మూత్రాశయాన్ని నొక్కి మాటిమాటికీ మూత్రం వచ్చేలా చేయొచ్చు.

నెలనెలా ఇంతగా రక్తం పోతుంటే హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గిపోవచ్చు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, నిలబడితే కళ్లు తిరగడం. పని ఒత్తిడి అనుకుంటాం, అసలు కారణం రక్తహీనత.

మామూలు అల్ట్రాసౌండ్ స్కాన్‌లోనే ఇవి చాలావరకు తెలిసిపోతాయి. రక్తస్రావం తగ్గించే మాత్రలున్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది, కణితి ఒక్కటే తీసే ఆపరేషనూ ఉంది. ముట్లుడిగాక చాలావరకు అవే కుంచించుకుపోతాయి. అయినా గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇది నిజంగా బాధాకరం. కొందరికి ఆ ఆపరేషన్ తప్పదు, కాదనను. కానీ తీసేయమని ఎవరైనా చెబితే, వేరే దారి ఉందా అని అడగండి. మరో డాక్టరుకు కూడా చూపించుకున్నాకే సంతకం పెట్టండి.