కుడి లేన్ ఎవరిది?

మామూలుగా నేను నవ్వుతూ మొదలుపెడతాను కదా. ఈ రోజు నవ్వు అంత తేలిగ్గా రావట్లేదు. ఎందుకంటే ఈ వీడియోలో చెప్పబోయే కథలో తప్పు చేసింది నేనే.

ముందు ఒక ప్రశ్న. మీరు హైవే మీద కారులో వెళ్తున్నారు. ముందు ఒక బండి కుడి లేన్‌లో 70లో పోతోంది. జరగట్లేదు. మీరేం చేస్తారు?

హార్న్ కొడతారు. జరగడు. లైట్లు కొడతారు. అయినా జరగడు. బంపర్‌కి బంపర్ అంటుకునేంత దగ్గరికి వెళ్తారు. ఊహూ. చివరికి స్టీరింగ్ తిప్పేసి ఎడమ పక్క సందులోంచి దూరిపోతారు. పోతూ పోతూ వాడి మొహం కూడా చూస్తారు. అవునా కాదా? నేనూ అంతే. సరిగ్గా ఇదే చేశాను.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే, నందిగామ దగ్గర మా ఊరు. భోగికి రెండు రోజుల ముందు, తెల్లవారుజామున 4 గంటలకే బయలుదేరాం. పక్క సీట్లో అమ్మ. చౌటుప్పల్ దగ్గర జామ్, టోల్ దగ్గర లైను. సూర్యాపేట దాటేసరికి తెల్లారింది, రోడ్డు కాస్త ఖాళీ అయింది, నా కాలు యాక్సిలరేటర్ మీద బరువెక్కింది.

కోదాడ ఇంకా రాలేదు. ముందు కుడి లేన్‌లో ఒక లారీ. రెండు నిమిషాలు దాని వెనకే ఉన్నాను. నిజంగా రెండే నిమిషాలు. నాకైతే అరగంటలా అనిపించింది. లైట్లు కొట్టాను, హార్న్ కొట్టాను. అమ్మ, "ఒరేయ్, పోనివ్వరా, ఏమంత తొందర" అంటూనే ఉంది. అంతలో ఆ లారీ ఇంకా స్లో అయింది. బ్రేక్ లైట్లు కూడా వెలిగాయి. నాకు ఒళ్లు మండింది. కావాలనే చేస్తున్నాడు అనుకున్నాను. ఎడమ లేన్ ఖాళీగా ఉంది. కొట్టాను స్టీరింగ్. స్పీడ్ 90.

లారీ ముందు నుంచి ఒక టీవీఎస్ ఎక్స్‌ఎల్ బయటికొచ్చింది.

డివైడర్‌లో అక్కడ ఒక ఓపెనింగ్ ఉంది. అవతలి నుంచి ఒక పెద్దాయన రోడ్డు దాటుతున్నాడు. లారీ వాడు ఆయన్ని చూసి స్లో చేశాడు. నాకు లారీ వెనక భాగం తప్ప ఇంకేమీ కనపడలేదు. నా కారు ఆయనకి కనపడలేదు. బ్రేక్ తొక్కేశాను. అమ్మ అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన హ్యాండిల్ తిప్పేశాడు, నా బంపర్ ఆయన వెనక చక్రానికి తగిలింది, బండితో సహా పక్కకి పడిపోయాడు. వెనక కట్టుకున్న ఖాళీ గోతాలన్నీ రోడ్డు మీద చెల్లాచెదురు.

బతికారు. ముందే చెప్పేస్తున్నాను, బతికారు. కుడి మణికట్టు విరిగింది, మోకాలు చెక్కుకుపోయింది.

లారీ డ్రైవర్ దిగి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు కూడా. పెద్దాయన్ని లేపి కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, నా వైపు చూసి ఒకే మాట అన్నాడు. "తమ్ముడూ, నేను స్లో చేసింది నిన్ను ఆపడానికి కాదు. ఆయన్ని పోనిద్దామని."

ఫ్రెండ్స్, ఈ వీడియో మొత్తం ఆ ఒక్క మాట గురించే. ముందు బండి ఎందుకు స్లో అయిందో మనకి తెలీదు. తెలీదు కాబట్టి ఆగాలి. మనమేమో తెలీదు కాబట్టి తిడతాం.

సరే, ఇప్పుడు కుడి లేన్ సంగతికొద్దాం. మన దేశంలో బండి నడపాల్సింది ఎడమ పక్కన. నాలుగు లేన్ల హైవే అంటే మన వైపు రెండు లేన్లు. ఎడమ లేన్ వెళ్లడానికి, కుడి లేన్ ఓవర్‌టేక్ చెయ్యడానికి. దాటడం అయిపోయిందా, మళ్లీ ఎడమకి వచ్చెయ్యాలి. చాలామంది కుడి లేన్ అంటే స్పీడుగా వెళ్లేవాళ్ల లేన్ అనుకుంటారు. ఇంకొంతమంది, నేను లిమిట్‌లోనే వెళ్తున్నాను కదా, నన్నెవడు జరగమనేది అనుకుంటారు. నా ఉద్దేశంలో ఇద్దరిదీ ఒకే తప్పు. ఇద్దరూ ఆ లేన్ తమ సొంతం అనుకుంటున్నారు. అది ఎవరి సొంతమూ కాదు. అది కాసేపు అద్దెకి దొరికే చోటు. పని చూసుకుని ఖాళీ చెయ్యాలి.

లేన్‌కో స్పీడ్ అనేది ఓఆర్‌ఆర్ మీద స్పష్టంగా కనిపిస్తుంది. 158 కిలోమీటర్ల రింగు, ఒక్కో వైపు నాలుగు లేన్లు. 2023లో పెట్టిన లిమిట్ ప్రకారం డివైడర్ పక్కనున్న రెండు లేన్లలో 120 దాకా వెళ్లొచ్చు, ఎడమ రెండు లేన్లలో 80 దాకా. 40 కంటే తక్కువలో వెళ్లకూడదు. టూ వీలర్లకి అసలు ఎంట్రీ లేదు. అక్కడ కుడి లేన్‌లో 60లో వెళ్లేవాడు కూడా ప్రమాదమే, 80 లేన్‌లో 130 కొట్టేవాడు కూడా ప్రమాదమే. ఎందుకంటే పక్కపక్క బండ్ల స్పీడ్‌లో తేడా పెరిగేకొద్దీ, ఇంకొకళ్లు ఏం చెయ్యబోతున్నారో అంచనా వేసే టైమ్ తగ్గిపోతుంది.

మరి లారీలు కుడి లేన్ ఎందుకు వదలవు? నేనూ తిట్టుకున్నవాణ్ణే. ఆ రోజు 108 వచ్చేదాకా ఆ డ్రైవరన్నతో మాట్లాడాను. ఆయన చెప్పింది వినండి. "ఎడమ లేన్‌లో ఏముంటయ్ తమ్ముడూ? ఆగిపోయిన లారీ ఉంటది, రాంగ్ రూట్‌లో వచ్చే బైకు ఉంటది, ఊళ్లోంచి సడెన్‌గా వచ్చే ఆటో ఉంటది. లోడు బండి. బ్రేక్ కొడితే ఆగుతుందా? అందుకే కుడి పక్క పోతం." అది రూల్ ప్రకారం కరెక్ట్ కాదు. కానీ అర్థం లేని పని కూడా కాదు. ఎడమ లేన్‌ని మనం పార్కింగ్ చేసి, షార్ట్‌కట్ చేసి, టీ కొట్టు ముందు స్థలం చేసి, తర్వాత లారీని ఎడమకి పొమ్మంటున్నాం.

ఇంకో లెక్క చెప్తాను. ఒక లారీ 60లో పోతోంది, వెనక లారీ 65లో వచ్చి దాన్ని దాటాలి. తేడా గంటకి 5 కిలోమీటర్లు. అంటే సెకనుకి మీటరున్నర కూడా లేదు. రెండు లారీల పొడవు, ముందూ వెనకా కాస్త ఖాళీ, అన్నీ కలిపి ఓ 70 మీటర్లు అనుకోండి. దాటడానికి 50 సెకన్లు పడుతుంది. ఆ 50 సెకన్లు వాడు మనల్ని ఆపట్లేదు, వాడి పని వాడు పూర్తి చేసుకుంటున్నాడు. మనం లైట్లు కొట్టినంత మాత్రాన ఇంజిన్‌కి బలం రాదు కదా. రీల్ చూస్తే నిమిషం ఇట్టే పోతుంది. స్టీరింగ్ వెనక మాత్రం 50 సెకన్లు ఆగలేం.

ఇప్పుడు స్పీడ్ లిమిట్. 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాలు ఇవి. డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కారుకి 100, బస్సుకి 90, లారీకి 80, బైక్‌కి 80. ఎక్స్‌ప్రెస్‌వే మీద కారుకి 120. ఇవి పై హద్దులు. ఊరు దగ్గర, స్కూల్ దగ్గర, మలుపు దగ్గర బోర్డు మీద 60 అని ఉంటే అక్కడ 60నే. 2019 చట్ట సవరణ ప్రకారం కారు లిమిట్ దాటితే 1,000 నుంచి 2,000 రూపాయల జరిమానా. కానీ నేను జరిమానా గురించి భయపెట్టదలచుకోలేదు. దానికంటే భయపెట్టే లెక్క ఒకటుంది. ఒక్క నిమిషం శ్రద్ధగా వినండి.

రెండు కార్లు పక్కపక్కన వెళ్తున్నాయి. ఒకటి 80లో, ఇంకోటి 100లో. ఇద్దరు డ్రైవర్లకీ ఒకేసారి ముందు మనిషి కనపడ్డాడు. చూసి కాలు బ్రేక్ మీదకి వెళ్లడానికి ఇద్దరికీ ఒక సెకను పట్టిందనుకుందాం. రోడ్డు పొడిగా ఉంది, బ్రేకులు బాగున్నాయి. ఆ ఒక్క సెకనులోనే 80 కారు 22 మీటర్లు, 100 కారు 28 మీటర్లు వెళ్లిపోతాయి. తర్వాత బ్రేక్ పడుతుంది. 80 కారు మొత్తం మీద 57 మీటర్ల దగ్గర, సరిగ్గా ఆ మనిషి ముందు ఆగింది. మరి 100 కారు? అదే చోట అది ఇంకా దాదాపు 68 కిలోమీటర్ల స్పీడ్‌లో ఉంటుంది.

మళ్లీ చెప్తున్నాను. పెంచింది 20. గుద్దేది 68తో. ఒకాయన దండం పెట్టి ఇంటికెళ్తాడు, ఇంకొకాయన వెళ్లడు. "ఓ 20 ఎక్కువైతే ఏమవుతుంది" అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. అందులో 100కి 71 మంది దాకా అతివేగం ఖాతాలోనే ఉన్నారు. మనం రోజూ చూసి పట్టించుకోకుండా దాటిపోయే "అతివేగం ప్రమాదకరం" బోర్డు వెనకున్న అంకె అది.

సరే, ఇంత రిస్క్ చేస్తే మిగిలేదెంత? 100 కిలోమీటర్ల దూరం 100లో వెళ్తే గంట. 120లో వెళ్తే 50 నిమిషాలు. పది నిమిషాలు మిగిలాయి. అదీ ఎక్కడా బ్రేక్ కొట్టకపోతే. మన రోడ్ల మీద అది జరిగే పనేనా? నన్ను జిగ్‌జాగ్‌గా దాటి పోయిన కార్లని టోల్ ప్లాజా దగ్గర ఎన్నిసార్లు చూశానో. నాకంటే రెండు బండ్ల ముందు ఉంటాయి, అంతే. మిగిలిన ఆ పది నిమిషాలు కూడా దాబా దగ్గర టీ తాగుతూ ఫోన్ చూడ్డానికే పోతాయి.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి చెప్తాను. పెద్దవేం కాదు.

ముందు బండికీ మనకీ మధ్య మూడు సెకన్లు. ముందు బండి ఒక కిలోమీటరు రాయినో, స్తంభాన్నో దాటగానే నిదానంగా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. మూడు అనేలోపే మనం అక్కడికి చేరితే దగ్గరగా ఉన్నట్టే. వాన పడుతుంటే ఇంకా పెంచండి. "ఖాళీ వదిలితే ఇంకోడు దూరతాడు" అంటారు. దూరనివ్వండి. మళ్లీ కాస్త వెనక్కి తగ్గండి. పోయేదేం లేదు.

కుడి లేన్‌లో ఉంటే అద్దం చూస్తూ ఉండండి. వెనక ఎవరైనా వస్తే, ఎడమ పక్క ఖాళీ ఉంటే, ఇండికేటర్ వేసి దారివ్వండి. వాడు లిమిట్ దాటుతున్నాడా లేదా అన్నది చూడ్డానికి కెమెరాలున్నాయి, పోలీసులున్నారు. మనం వాడికి అడ్డం నిలబడి నీతి నేర్పక్కర్లేదు.

వెనక ఉన్నది మనమైతే ఒకసారి లైటు కొట్టి ఆగండి. జరగకపోతే వదిలెయ్యండి. హైబీమ్ వేసి వెంటపడొద్దు.

పెద్ద బండి స్లో అయితే అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. "దాని ముందు ఏముంది?" జవాబు తెలిసేదాకా పక్క నుంచి దూరొద్దు. ఊళ్ల దగ్గర డివైడర్ ఓపెనింగ్ కనపడితే కాలు బ్రేక్ మీదకి రావాలి. హైవే మనకి దారి. ఆ ఊరివాళ్లకి అది పొలానికీ ఇంటికీ మధ్య అడ్డుగా ఉన్న రోడ్డు. రోజుకి నాలుగుసార్లు దాటాల్సిందే.

హైవే మీద ఏదైనా జరిగితే 1033కి ఫోన్ చెయ్యండి, నేషనల్ హైవేల హెల్ప్‌లైన్ అది. దెబ్బలు తగిలితే 108. ఈ రెండూ ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

చివరగా, ఆ పెద్దాయన సంగతి. ఆస్పత్రికి మేమూ వెనకే వెళ్లాం. జరిగింది జరిగినట్టు పోలీసులకి చెప్పాను. ఖర్చులు నేనే పెట్టుకున్నాను. అదేం గొప్ప కాదు, పెట్టుకోవాల్సిందే. ఆయన కౌలుకి మిరప తోట వేశాడు. సరిగ్గా కాయ కోతలు మొదలయ్యే రోజులు. కుడి చేతికి ఆరు వారాల కట్టు. ఆ గోతాలు ఆ మిరపకాయల కోసమే తెచ్చుకుంటున్నాడు.

ఆయన భార్య వచ్చింది. ఏడ్చింది. తర్వాత నా పక్కనే బెంచీ మీద కూర్చుని, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది. "ఏం పని మీద పోతున్నవ్ బిడ్డా, గింత తొందరగ?"

నా దగ్గర జవాబు లేదు. పండక్కి పోతున్నాను. ఇంట్లో నాన్న నిద్ర కూడా లేచి ఉండడు. ఎవరూ గడియారం చూసుకుంటూ కూర్చోలేదు. "అరిసెలు తినడానికి పోతున్నానమ్మా" అని ఎలా చెప్పను? తల దించుకున్నాను.

ఈసారి మీ ముందు బండి స్లో అయి, మీ చెయ్యి హార్న్ మీదకి వెళ్లినప్పుడు, ఆ తల్లి మీ పక్క సీట్లో కూర్చుని అదే ప్రశ్న అడుగుతోందనుకోండి. మీ దగ్గర మంచి జవాబు ఉంటే వెళ్లండి. లేకపోతే ఓ 50 సెకన్లు ఆగండి.

మీ ఇంట్లో స్పీడుగా నడిపేవాళ్లు ఎవరో మీకు తెలుసు. అన్నయ్యో, బావో, ఫ్రెండో. ఈ వీడియో వాళ్లకి పంపండి. బండి నడుపుతుండగా మాత్రం పంపకండి, ఇంటికి చేరాక పంపండి. జాగ్రత్తగా వెళ్లి రండి. మళ్లీ కలుద్దాం, నమస్తే.