ఒకే పంక్తిలో కూర్చుండు పండుగ
(ఉప్పల్‌లో గ్రామపంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



మనము సమావేశమైన ఈ ఉప్పల్, ప్రక్కనున్న నాచారము ఒకనాడు చెరువులు, పొలములు గల పల్లెలు. నాచారమున పరిశ్రమలు వెలసినవి. 2007లో రెండును మహానగర పాలక సంస్థలో కలిసినవి. నేడు ఇచ్చటి వీథులలో పలు రాష్ట్రములవారు ఇరుగుపొరుగుగా నివసించుచున్నారు. రేపు మీ గ్రామములకును ఇట్టి ఇరుగుపొరుగు వచ్చును. కావున ఒక పొరుగువారి పండుగను గూర్చి నాలుగు మాటలు చెప్పెదను.

కార్తిక పూర్ణిమనాడు మనము దీపములు వెలిగింతుము. ఆనాడే సిక్కులు గురునానక్ జయంతి జరుపుకొందురు. ఆయన 1469లో తల్వండి గ్రామమున జన్మించెను. ఆ ఊరు నేడు నన్‌కానా సాహెబ్ అను పేర పాకిస్తానులో నున్నది. పుట్టినది వైశాఖమని కొన్ని ప్రాచీన గ్రంథములు చెప్పుచున్నను ఉత్సవము కార్తికముననే స్థిరపడినది.

సిక్కులు మనకు క్రొత్తవారు కారు. నిజాము మంత్రి చందూలాల్ కాలమున, 1832 ప్రాంతమున, మహారాజా రణజిత్ సింగ్ పంపిన దళము లాహోరునుండి హైదరాబాదు చేరెను. వారు విడిసిన అత్తాపూరు ప్రాంతమునకు సిక్కుఛావణి యను పేరు నిలిచియున్నది.

జయంతికి ముందు కొన్ని దినములు తెల్లవారుజామున కీర్తనలు పాడుచు వీథులు తిరుగుదురు. దీనిని ప్రభాత్ ఫేరీ అందురు. మన ధనుర్మాసపు సంకీర్తనము వంటిదే. పిదప గురుగ్రంథ సాహెబును అలంకరించిన వాహనముపై ఊరేగింతురు. ముందు ‘పంచ ప్యారే’లు ఐదుగురు నడతురు. 1699లో ఆనందపురమున గురుగోవిందసింగ్ పిలుపునకు తలయొగ్గిన ఐదుగురికి వీరు గుర్తు. ఆ ఐదుగురిలో సాహెబ్‌సింగ్ బీదరువాడు, మంగలి వృత్తివాడు. 1956 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రములోనిదే గదా! ఈ సంగతి మనలో ఎందరికి తెలియును?

గురుద్వారాలో 1430 పుటల గ్రంథమును సుమారు 48 గంటలు ఎడతెగక పఠింతురు. జయంతినాడు పఠనము ముగిసి, కీర్తనలు జరిగి, అందరును లంగరులో భోజనమునకు కూర్చుందురు.

నన్నడిగినచో పండుగకు ప్రాణము ఈ భోజనమే. కూర్చుండు వరుసను వారు ‘పంగత్’ అందురు. అది మన ‘పంక్తి’యే. కాని మాట ఒకటియైనను నడచిన త్రోవలు వేరు. మనము ‘పంక్తిబాహ్యుడు’ అను మాటను పుట్టించుకొంటిమి. పంక్తిని మనిషిని వెలివేయుటకు వాడితిమి. మూడవ గురువైన అమరదాసు తన దర్శనమునకు వచ్చువారు ముందు పంగత్‌లో కూర్చుండి భుజింపవలెనని నియమము పెట్టెను. అక్బరు చక్రవర్తియు అట్లే నేల కూర్చుండెనని సిక్కుల ఐతిహ్యము. రెండవ గురువు అంగదుని ధర్మపత్ని మాతా ఖీవీ లంగరును స్వయముగ నడిపెను. ఆమె పేరు గురుగ్రంథములోనే కలదు.

వంటకు కూలివారు కారు, భక్తులే. ఒకరు పిండి పిసుకుదురు, ఒకరు రొట్టెలు కాల్తురు, ఒకరు పళ్లెములు కడుగుదురు. వచ్చినవారి పాదరక్షలను భద్రపరచుటయు సేవయే. వంటకములు శాకాహారము, ఎవరికిని అభ్యంతరము ఉండదు.

ఇక మన సంగతి. ఇదే కార్తికమున మన వనభోజనములు కులసంఘముల పేర, కులమునకొక తోటగా జరుగుచున్నవి. ఉసిరిచెట్టునకు కులము లేదు! రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1955లో దానిని నేరముగ శిక్షించు చట్టము వచ్చినది. అయినను బడిలో దళిత స్త్రీ వండిన అన్నము తమ పిల్లలు తినరాదని పెద్దలు అడ్డుపడిన సంఘటనలు దేశమున పలుచోట్ల వినవచ్చినవి. బడి మీ ఊరిదే, పిల్లలు మీవారే. అట్టి ఫిర్యాదు వచ్చిననాడు ఉత్తరువులు చదివి వినిపించుట చాలదు. సర్పంచియు సభ్యులును ఆ బడికి వెళ్లి, పిల్లల వరుసలో కూర్చుండి, ఆ చేతి అన్నము తినవలెను.

వచ్చు కార్తికమున లంగరును స్వయముగ చూడుడు. అమీర్‌పేటలో గురుద్వారా కలదు. 2017 నవంబరు నుండి ఉప్పల్‌లో మెట్రో రైలెక్కినచో బండి మారకుండ అమీర్‌పేట చేరవచ్చును; నాచారమువారికి హబ్సిగూడ దగ్గర. పాదరక్షలు విడిచి, తలకు రుమాలు చుట్టుకొనుడు. రొట్టెను రెండు చేతులు చాచి స్వీకరింపుడు, తినగలిగినంతయే వడ్డించుకొనుడు. తిన్న పిదప తొందరపడి వెడలిపోక, పళ్లెములు కడుగు చోట ఒక గంటసేపు నిలిచి పనిచేసి రండు.