పెద్దల గోరీలను కూడా లెక్కలో రాయించుకుందాం

(హైదరాబాద్ చిక్కడపల్లిలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెత్రమాసకు మనం పెద్దల పేరున బియ్యం ఇస్తాం. కరీంనగర్ కార్ఖానగడ్డలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళి రోజున సమాధుల దగ్గరే దీపాలు పెడతాయి. ముస్లిం కుటుంబాలు షబే బరాత్‌కు, క్రైస్తవులు నవంబర్ 2న సమాధుల దగ్గరికి వెళ్తారు. అన్నదమ్ములు, ఆడబిడ్డలు, మనవలు ఒక్కచోట కలిసేది ఇలాంటి రోజుల్లోనే. వచ్చినవాళ్లు పొలం చూస్తారు, గట్టు మీది తాత గోరీ చూస్తారు.

ఈ చిక్కడపల్లి గ్రంథాలయంలో, అశోక్‌నగర్ గదుల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల్లో చాలామంది మన రైతు బిడ్డలే. పండుగకు బస్సెక్కితే వాళ్లు దిగడానికి ఒక ఊరుండాలి. ముంపు గ్రామాల పిల్లలకు ఆ ఊరు లేదు.

శ్రీశైలం జలాశయం కోసం 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు ఖాళీ చేయించారు. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. పాత ఊళ్ల మొండిగోడలూ అక్కడక్కడా కనబడతాయి. ఇది మన వాకిలి, ఇది మన బావి అని పిల్లలకు చూపించవచ్చు. ఒండ్రు కప్పేసిన గోరీని ఎలా చూపిస్తాం? మన కాలంలోనే 50 టీఎంసీల మల్లన్నసాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లు పోయాయి.

నాగార్జునసాగర్ కట్టినప్పుడు నాగార్జునకొండ లోయలోని బౌద్ధ కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించారు. శ్రీశైలం ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. మంచి పనే చేశారు. కానీ ఆ నేలను దున్నినవాళ్ల సమాధుల సంగతి ఎవరికి పట్టింది?

ఇది మనసుకు సంబంధించిన మాటే అయినా, చట్టంలోనూ ఉంది. 2013 భూసేకరణ చట్టం 4వ సెక్షన్ ప్రకారం సామాజిక ప్రభావ అధ్యయనంలో ఖనన, దహన స్థలాలను కూడా పరిగణించాలి. మూడో షెడ్యూలు ప్రకారం పునరావాస స్థలంలో అక్కడి కులాల, సమాజాల ఆచారాన్ని బట్టి శ్మశానం ఉండాలి. అయితే తెలంగాణ 2017లో తెచ్చిన సవరణ, కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అధ్యయనం నుంచి మినహాయించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అధ్యయనమే లేకపోతే గోరీలను లెక్కపెట్టేదెవరు? కాబట్టి ఆ లెక్క మనమే తయారు చేసుకోవాలి.

ఈసారి కుటుంబమంతా కలిసిన రోజే ఈ పని మొదలుపెడదాం. సమాధి ఎవరిది, ఏ సర్వే నంబరులో ఉంది, ఎప్పటిది అని ముసలివాళ్లను అడిగి రాసుకుందాం. ఫొటో తీసుకుందాం. ఊరి జాబితా చేసి గ్రామసభలో తీర్మానం కోరదాం.

భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే 60 రోజుల్లోపు కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు 15వ సెక్షన్ ఇస్తోంది. అందులో గోరీల వివరాలు రాసి, అందినట్టు రసీదు తీసుకోవాలి. భూమికి అంటి ఉన్న ఆస్తులకు విలువ కట్టాలని 29వ సెక్షన్ చెబుతోంది. రాతితోనో సిమెంటుతోనో కట్టిన సమాధి కూడా అలాంటిదేనని మనం గట్టిగా వాదించాలి. కొత్త కాలనీలో శ్మశానానికి స్థలం చూపించాకే ఇళ్లు ఖాళీ చేస్తామని ముందే చెప్పాలి.

ప్రాజెక్టు ముప్పు లేని ఊళ్లలో ముప్పు మన చేతుల్లోనే ఉంది. అన్నదమ్ములు పంచుకున్నా, అమ్ముకున్నా, దస్తావేజులో సమాధి స్థలాన్ని మినహాయించి, అక్కడికి నడిచే దారి హక్కు రాయించండి. కొన్నవాడు కంచె వేశాక బతిమాలుకుంటే దారి దొరకదు.

ఎకరాకు ఇంత అని ప్రభుత్వం పరిహారం లెక్క కడుతుంది. ఆ ఎకరంలో ఎన్ని తరాల మనుషులు పడుకుని ఉన్నారో మనం చెప్పకపోతే ఆ కాగితంలోకి ఎక్కదు. ప్రతి గ్రామ కమిటీ ఈ జాబితా తయారు చేయాలని కోరుతున్నాం.