రెండు శాతం ఎవరి సొమ్ము?



ఎవరి స్మృతిలో ఈ సభ జరుపుకుంటున్నామో ఆ మాస్టారు సహకార సంఘాల మనిషి. ఊరికి ఎవరైనా విరాళం ఇస్తామంటే 'సంతోషమండీ, లెక్క ఎవరు రాస్తారు?' అని అడిగేవారట. కంపెనీల సామాజిక బాధ్యత, అంటే అందరూ సీఎస్‌ఆర్ అనేదాన్ని, ఇవాళ ఆ ప్రశ్న పట్టుకునే చూద్దాం.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ప్రపంచంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి దేశం మనదేనని వేదికల మీద తరచూ వింటుంటాం. నిజానికి మారిషస్ 2009లోనే కంపెనీలకు ఈ 2 శాతం లెక్క పెట్టింది.  మొదటివాళ్లం కాకపోయినా డబ్బు మాత్రం చిన్నది కాదు. తొలి ఏడాది పది వేల కోట్లుగా ఉన్న ఖర్చు 2022-23 నాటికి దాదాపు 30 వేల కోట్లకు చేరింది.

ఈ 2 శాతం కంటే ముందు మన నేల మీదే ఇంకో అంకె పుట్టింది. దాన్ని మనం మర్చిపోయాం.

బొర్రా గుహలు చాలామంది చూసే ఉంటారు. అనంతగిరి మండలంలోని ఆ కొండల్లో కాల్సైట్ ఉంది. దాన్ని తవ్వుకోవడానికి ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు లీజులిచ్చింది. అది షెడ్యూల్డు ప్రాంతం. గిరిజనేతరులకు అక్కడ భూమి బదిలీ చేయకూడదని, మన్యంలో అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అని పిలుచుకునే చట్టం చెబుతోంది. మరి ఆ నిషేధం ప్రభుత్వానికి వర్తించదా? 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ ఈ ప్రశ్నతో కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. జస్టిస్ కె. రామస్వామి, మరో న్యాయమూర్తి ఒక మాట మీద నిలబడ్డారు, మూడో న్యాయమూర్తి విభేదించారు. ప్రభుత్వానికీ నిషేధం వర్తిస్తుంది, లీజులు చెల్లవు అన్నది మెజారిటీ మాట.

ఇంతవరకు చాలామందికి తెలుసు. అదే తీర్పులో, గనులు తవ్వే సంస్థ తన నికర లాభంలో కనీసం 20 శాతాన్ని శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా ఉంది. ఆ నిధి నీటి వనరులకు, బడులకు, ఆసుపత్రులకు, పారిశుద్ధ్యానికి, రోడ్లకు వాడాలి. అడవిని మళ్లీ పెంచే ఖర్చు అందులో కలపకూడదు. వీటన్నిటికంటే నన్ను ఆపిన మాట ఒకటుంది. ఆ నిధిని 'వ్యాపారంలో భాగంగా' చూడమన్నారు. డీజిలుకూ జీతాలకూ ఖర్చు రాసినట్టే ఊరికీ రాయాలన్నమాట. 2001లో బాల్కో అల్యూమినియం కంపెనీ కేసులో సుప్రీంకోర్టే ఈ తీర్పు మీద తన సందేహాలు బయటపెట్టింది. 20 శాతం ఏనాడూ చట్టం కాలేదు. పదహారేళ్ల తర్వాత చట్టమై వచ్చింది 2 శాతం.

రెండూ ఒకటి కావు, నిజమే. ఒకటి గిరిజన ప్రాంతపు గనుల గురించి, రెండోది అన్ని రకాల కంపెనీల గురించి. అయినా 20కీ 2కీ మధ్య తగ్గింది అంకె ఒక్కటే కాదు. బాకీగా ఉన్నది దానమైపోయింది. బాకీ ఉన్నవాడిని నిలదీసి అడగొచ్చు. దాతకు దండ వేసి, ఫ్లెక్సీ కట్టి, శిలాఫలకం మీద పేరు చెక్కించాల్సి వస్తుంది.

ఇక లెక్క ఎవరు రాస్తారు? కంపెనీ డైరెక్టర్లు తమలోంచే ఒక కమిటీ వేసుకుంటారు. ఏ ఊరికి ఏం చేయాలో ఆ కమిటీ సూచిస్తుంది, బోర్డు ఆమోదిస్తుంది. 135వ సెక్షన్‌లో గ్రామసభ అన్న మాట ఎక్కడా కనబడదు. చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమని చట్టంలో ఉంది గానీ, అది సూచన మాత్రమేనని కేంద్రం తర్వాత వివరణ ఇచ్చింది. ఎక్కడ ఖర్చు పెట్టాలో కంపెనీలే తేల్చుకుంటాయి కాబట్టి ఈ నిధులు కంపెనీలు ఎక్కువగా ఉన్న మహారాష్ట్ర లాంటి రాష్ట్రాలకు దండిగా చేరి, అవసరం ఎక్కువగా ఉన్న జిల్లాలకు అరకొరగా వెళుతున్నాయి. 2021లో నిబంధనలు బిగించారు. ఖర్చు కాని సొమ్ముకు వేరే ఖాతా, పెద్ద పనులకు ఫలితాల మదింపు వచ్చాయి. మంచిదే. ఊరి నోరు మాత్రం అప్పుడూ తెరవనివ్వలేదు.

ఊరిని అడగకుండా కట్టిన వాటి గతి ఏమిటో మంచినీళ్ల ప్లాంట్లు చూస్తే తెలుస్తుంది. ప్రారంభోత్సవం నాడు అందరూ వస్తారు. మెంబ్రేన్ మార్చాల్సిన నాడు ఎవరూ ఉండరు. కరెంటు బిల్లు పంచాయతీ కట్టాలో కంపెనీ కట్టాలో తేలేలోపు మోటారు తుప్పు పడుతుంది. బిందెకింత అని వసూలు చేసి, కమిటీ వేసుకుని, జమాఖర్చులు గోడ మీద రాసుకునే ఊళ్లలో అవే యంత్రాలు నడుస్తాయి.

కంపెనీ లాభం మీద ఊరి అవసరం ఆధారపడితే వచ్చే ప్రమాదం మనకు కొత్త కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవకు సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు అండ. 2009 జనవరి 7న ఆ కంపెనీ లెక్కల మోసం బయటపడగానే అంబులెన్సులు ఆగిపోతాయేమోనని రాష్ట్రమంతా కంగారుపడింది. ఆగలేదు. అప్పటికే నిర్వహణ ఖర్చులో సింహభాగం ప్రభుత్వ ఖజానా నుంచి వస్తోంది. తర్వాత నిర్వహణ జీవీకే చేతికి వెళ్లింది. పునాది ప్రజాధనం కాబట్టి దాత మారినా సేవ మిగిలింది.

నైజీరియా ఇంకో దారి పట్టింది. దశాబ్దాల పాటు చమురు మురికిలో బతికిన నైజర్ డెల్టా జనం కోసం 2021 పెట్రోలియం చట్టంలో, కంపెనీ గత ఏడాది నిర్వహణ ఖర్చులో 3 శాతాన్ని స్థానిక ట్రస్టుకు జమ చేయాలన్నారు. లాభంలో కాదు, ఖర్చులో. నష్టం చూపించినా తప్పించుకోలేరు. అయితే పైపులైన్లు ధ్వంసమైతే ఆ మరమ్మతు సొమ్ము ఊళ్ల వాటాలోంచే కోస్తారు, అది అన్యాయమే. లెక్కకు పట్టుకున్న ఆధారం మాత్రం సరైనది.

మన దగ్గరా నమూనా లేకపోలేదు. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధికి కంపెనీలు రాయల్టీలో పాత లీజులకు 30 శాతం, వేలం లీజులకు 10 శాతం చెల్లిస్తాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆ నిధితో చేసే పనులకు గ్రామసభ ఆమోదం కావాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అదే నిబంధనను సీఎస్‌ఆర్‌కూ పెట్టడానికి కొత్త సిద్ధాంతమేమీ అక్కర్లేదు, చట్టానికి ఒక వాక్యం చేర్చితే చాలు.

ఆ వాక్యం వచ్చేదాకా మనం చేయగలిగిన పని ఒకటుంది. బోర్డు ఆమోదించిన సీఎస్‌ఆర్ పనుల జాబితాను, వెబ్‌సైట్ ఉన్న ప్రతి కంపెనీ అందులో పెట్టి తీరాలి. ఈ సభలో సర్పంచులున్నారు, వార్డు మెంబర్లున్నారు, చదువుకుంటున్న పిల్లలున్నారు. మీ పక్కనున్న ఫ్యాక్టరీ జాబితా తీసి చదవండి. మీ ఊరి పేరు మీద ఏ పని రాశారో, ఎంత ఖర్చు చూపించారో కాగితం మీద దించుకుని వచ్చే గ్రామసభలో బిగ్గరగా చదివి వినిపించండి. పని జరిగిందో లేదో ఊరే చెబుతుంది, ఆ మాటను తీర్మానంగా రాయించి కంపెనీకి పంపండి.